క్యాప్సికం విత్తనం మొలవలేదని నిర్ధారించే ముందు

శీతాకాలంలో మిద్దె తోటల పెంపకందారులు విస్తరణ శాస్త్రవేత్తలను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఒకే రోజు విత్తిన టమాట మొలిచింది, క్యాప్సికం పది రోజులైనా మొలవలేదు, విత్తనం నాసిరకమా? చాలా సందర్భాలలో తప్పు విత్తనానిది కాదు, ఉష్ణోగ్రతది.

క్యాప్సికం గింజలో పిండాన్ని అంకురచ్ఛదం చుట్టి ఉంటుంది. మొలక వేరు కొనకు ఎదురుగా ఉన్న ఆ పొర ఎంజైముల చర్యతో మెత్తబడిన తరువాతనే వేరు వెలుపలికి రాగలదు. 25–30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 8–10 రోజులలో మొలిచే విత్తనానికి, 15 డిగ్రీల దరిదాపుల్లో మూడు వారాలు కూడా చాలకపోవచ్చు. గమనించవలసినది గది ఉష్ణోగ్రత కాదు, ప్రోట్రేలోని కొబ్బరి పొట్టు ఉష్ణోగ్రత. తడి పొట్టు నుండి నీరు ఆవిరవుతున్నంతసేపూ అది చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా ఉంటుంది. మొలవలేదన్న ఆత్రంతో మరింత నీరు పోస్తే పిథియం ఆశించి గింజ కుళ్ళిపోతుంది. కేవలం ఆలస్యం కావలసినది నిజమైన నష్టంగా మారేది ఇక్కడే.

వంటింటి కాయ నుండి గింజలు తీసేవారూ ఉన్నారు. పచ్చి కాయలోని గింజ సాధారణంగా పక్వానికి రాదు. పూర్తిగా రంగు తిరిగిన కాయలోని గింజ మొలుస్తుంది గాని, ఆ కాయ సంకర రకానిదైతే తరువాతి తరంలో తల్లి మొక్క లక్షణాలు విడిపోతాయి.

ఇంట్లో అనుసరించదగిన పద్ధతి సులభమైనదే. గింజలను తడిపి పిండిన కాగితపు తువ్వాలులో పరచి, మూత ఉన్న డబ్బాలో ఉంచి, వెచ్చని చోట పెట్టాలి. చిన్న థర్మామీటరు ఉంటే ఊహాగానాలు తప్పుతాయి. వేరు రెండు మిల్లీమీటర్లు రాగానే, అర సెంటీమీటరు లోతున ట్రేలోకి మార్చాలి. మొలక పైకి వచ్చిన రోజు నుండే మంచి వెలుతురు అవసరం.

ఇక ఫిర్యాదుల సంగతి. క్యాప్సికానికి విత్తన ధ్రువీకరణ ప్రమాణం కనీసం 60 శాతం మొలక. ప్రయోగశాలలో 400 గింజలతో పరీక్షించి, తుది లెక్క 14వ రోజున తీస్తారు. పెంపకందారు చేతిలో ఉన్నవి పది గింజలే. సరిగ్గా 60 శాతం మొలక గల విత్తనంలోనూ, పది గింజలలో నాలుగు లేక అంతకంటే తక్కువ మొలిచే అవకాశం దాదాపు ఆరింట ఒకటి. కనుక విత్తిన తేదీ, రాత్రి ఉష్ణోగ్రత, ప్యాకెట్‌పై లాట్ నంబరు ముందుగా అడగాలి. అనుమానం మిగిలితే అదే లాట్ నుండి నమూనా తీసి విత్తన పరీక్షా ప్రయోగశాలకు పంపాలి.