సిమెంటు కింద వేళ్లు

ఢిల్లీ మయూర్ విహార్‌లో చెట్లకూ ఇళ్లకూ దాదాపు ఒకటే వయసు. 1980లలో యమునకు తూర్పున ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) ఫ్లాట్లు, సహకార సొసైటీల భవనాలు లేస్తున్నప్పుడు ప్రహరీల వెంట నాటిన వేప, నేరేడు, జువ్వి, రావి ఇప్పుడు నాలుగో అంతస్తు బాల్కనీల్లోకి తొంగిచూస్తున్నాయి. భవనానికి నలభై ఏళ్లు నిండితే నీళ్ల పైపులు మారుస్తారు, గోడలకు మళ్లీ పూత వేయిస్తారు. చెట్టుకు నలభై ఏళ్లు నిండితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ అడగరు. నివాసుల సంఘం (ఆర్‌డబ్ల్యూఏ) మీటింగులో చెట్టు ప్రస్తావన వచ్చేది రెండు రుతువుల్లోనే: జనవరిలో ఎండ రానివ్వడం లేదని, మేలో ఆంధీకి, అంటే దుమ్ముగాలికి, కొమ్మ విరిగి కారు మీద పడిందని. రెండుసార్లూ కబురు వెళ్లేది రంపం ఉన్నవాడికే. చెట్టు ఆరోగ్యం తేలేది మాత్రం రంపం అందని చోట, మన కాళ్ల కింద.

కొమ్మలు పైకి ఎంత ఉంటే వేళ్లు లోతుకు అంత ఉంటాయన్నది చాలామంది నమ్మకం. పెరిగిన చెట్టు విషయంలో అది నిజం కాదు. వేళ్లలో అత్యధిక భాగం నేల పైపొరలోనే, రెండడుగుల లోపలే ఉంటుంది. పక్కలకు మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతుంది. కారణం ఆక్సిజన్. ఆకు తయారుచేసిన ఆక్సిజన్ వేరు దాకా రాదు. మట్టి రేణువుల సందుల్లో ఉన్న గాలినుంచే వేరు ఊపిరి తీసుకోవాలి. ఆ గాలి పైపొరలోనే దండిగా ఉంటుంది. యమున తెచ్చిపోసిన ఇసుక కలిసిన ఒండ్రు మట్టి ఇందుకు మంచి నేలే. కానీ దాని మీద రోజూ కార్లు ఎక్కి దిగితే సందులు నలిగిపోతాయి. ఆ పైన కాంక్రీటు పరుపు, దాని మీద ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేస్తే మిగిలిన దారీ మూసుకుపోతుంది.

నీటి సంగతీ అంతే. ఢిల్లీలో ఏడాది మొత్తం పడే వాన సగటున 800 మిల్లీమీటర్ల లోపే, అందులో ఎక్కువ భాగం మూడు నెలల్లోనే కురుస్తుంది. ఆ కాస్తా టైల్స్ మీద జారి కాలవలో కలిస్తే మిగతా తొమ్మిది నెలలకు నేలలో నిల్వ ఏముంటుంది? అయినా చెట్టు వెంటనే ఎండిపోదు. ముందు ఆకు చిన్నదవుతుంది, తర్వాత శిఖరాన రెమ్మలు మోడువారతాయి. ఈ ఏడు పరిచిన టైల్స్‌కు చెట్టు చెప్పే జవాబు కొన్నేళ్లకు గాని కనిపించదు. అప్పటికి ఆర్‌డబ్ల్యూఏ అధ్యక్షుడు మారిపోయి ఉంటాడు, నేరం చెదపురుగు మీదకు పోతుంది.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013 ఏప్రిల్‌లో ఢిల్లీ చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని ఆదేశించింది. చెట్లకు కొట్టిన బోర్డులూ చుట్టిన తీగలూ కూడా తీసెయ్యమంది. ఒక మీటరు తక్కువే. నిర్మాణ పనుల్లో చెట్టును కాపాడటానికి బ్రిటిష్ ప్రమాణం చెప్పే లెక్క వేరు: మాను వ్యాసానికి పన్నెండు రెట్ల దూరం దాకా తవ్వకూడదు. అర మీటరు లావున్న వేపకు అది ఆరు మీటర్లు. మన సొసైటీల్లో ఆరు మీటర్ల వెడల్పున్న ఖాళీ స్థలం దొరికితే ముందు పార్కింగు గీతలు గీస్తారు.

కాలవకనో, కేబుల్‌కనో, గ్యాసు పైపుకనో చెట్టుకు ఒక పక్కన కందకం తవ్వితే ఆ పక్క లంగరు వేళ్లన్నీ తెగిపోతాయి. చెట్టు పచ్చగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అసలు పరీక్ష ఆంధీ వచ్చినప్పుడే. గాలి వేగం రెట్టింపైతే చెట్టు మీద దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 2022 మే 30న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రం దగ్గర గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచింది, ఆ సాయంత్రం నగరంలో వందల చెట్లు కూలాయి. అలాంటప్పుడు అందరూ గాలినే తిట్టుకుంటారు. వేళ్లతో సహా లేచిన చెట్టు దగ్గర నిలబడి, వేళ్లు గాలికి చీలాయా, పారకు తెగాయా అని చూస్తే సగం కథ అక్కడే తెలుస్తుంది.

తొర్ర పడిన చెట్టంటే మనకు భయం ఎక్కువ. ఆ భయంలో కొంత అనవసరం. చెట్టులో బతికున్న భాగం బెరడు కిందనున్న పలచని పొర, దాని లోపలి లేత చెక్క. నడుమనున్న చేవ దాదాపు నిర్జీవమే. బోలుగా ఉన్న గొట్టం బరువు ఆపినట్టే బోలు మానూ ఆపగలదు. వంపును తట్టుకునే బిర్రు వ్యాసార్ధం నాలుగో ఘాతంతో మారుతుంది. అందువల్ల వ్యాసార్ధంలో సగం దాకా బోలైనా తగ్గేది ఆరు శాతమే, 70 శాతం దాకా బోలైతే 24 శాతం. ఆ తర్వాతే వేగంగా పడిపోతుంది. తొర్ర ఒక పక్కకు తెరుచుకుని ఉన్నా, మొదట్లో పుట్టగొడుగులు లేచినా ఈ లెక్క పనికిరాదు, నిపుణుణ్ణి పిలవాల్సిందే. కోల్‌కతా సమీపంలోని బొటానిక్ గార్డెన్ మర్రికి బూజు సోకి 1925లో అసలు మానునే తీసేశారు. ఊడల మీద అది ఈనాటికీ విస్తరిస్తూనే ఉంది.

మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కథ ఇంకా దగ్గరిది. 2017 డిసెంబరులో చెద తొలిచిన పెద్ద కొమ్మ కూలాక సందర్శకులను ఆపేశారు. చెద మందును రంధ్రాల్లో పోస్తే బయటికి కారిపోయింది. అప్పుడు అటవీ అధికారులు మందును పలచన చేసి, సీసాల్లో నింపి, ఆసుపత్రి సెలైన్ మాదిరి చుక్కచుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు స్తంభాలతో ఊతమిచ్చారు. పత్రికల్లో సెలైన్ బొమ్మే బాగా తిరిగింది. నా దృష్టిలో ఆ స్తంభాలు తక్కువ పనేం చెయ్యలేదు.

ఇక నరకడం. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల మానులను నిలువునా కోసి చూసి ఒక సంగతి తేల్చాడు: మన చర్మంలా చెట్టు గాయాన్ని పాత కణాల చోట కొత్తవి పెట్టి మాన్పుకోదు, గాయం చుట్టూ గోడలు కట్టి, కుళ్లును లోపలే బంధించి, పైన కొత్త చెక్క పెంచుతుంది. కొమ్మ కుళ్లు మానులోకి పోకుండా ఆపే గోడ కొమ్మ మొదట్లో కనిపించే ఉబ్బెత్తు వలయంలో ఉంటుంది. వలయాన్ని వదిలి, దానికి బయట కోస్తే చెట్టు తన పని తాను చేసుకుంటుంది. మానుకు ఆనించి నున్నగా కోస్తే ఆ గోడే పోతుంది. బరువైన కొమ్మను ఒకే వేటుకు కోస్తే బెరడు చీలి మాను వెంట ఊడొస్తుంది. అందుకే ముందు కింది నుంచి కొంత, తర్వాత కాస్త అవతల పైనుంచి కోసి బరువు దించి, చివర వలయం దగ్గర కోయాలి. కోసిన చోట తారు, పెయింటు పూయడం వల్ల కుళ్లు ఆగినట్టు ఆధారాలు లేవు. ఊరికే తడి పట్టి ఉంచుతాయి.

అన్నిటికన్నా చెడ్డది తల నరకడం. ఢిల్లీ చలికాలంలో ఎండ కోసం చేసే ఛంటాయి (కొమ్మలు కొట్టడం) చాలాసార్లు ఇదే. ఆకులతో పాటు కొమ్మల్లో దాచుకున్న పిండిపదార్థమూ పోతుంది. చెట్టు కంగారుగా గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వేస్తుంది. అవి పచ్చగా ఎంత ముచ్చటగా ఉన్నా పైపైన అతుక్కున్నవే. నాలుగేళ్లకు లావెక్కి, ఆంధీకి మొదట విరిగేవి అవే. చలికాలం ఎండే కావాలంటే దానికి తగిన చెట్టు నాటుకోవచ్చు: బూరుగు చలికాలంలో తనంతట తానే ఆకు రాల్చి ఎండనిస్తుంది, మే నెలకు మళ్లీ నీడ సిద్ధం చేస్తుంది.

పైగా కొమ్మలు కొట్టడం చట్టంతో ముడిపడిన పని. ఢిల్లీ చెట్ల పరిరక్షణ చట్టం 1994 ప్రకారం సొంత స్థలంలోదైనా ట్రీ ఆఫీసర్ అనుమతి లేకుండా నరకకూడదు. ‘నరకడం’ నిర్వచనంలో కొమ్మలు కొట్టడం, బెరడు చుట్టూ గీయడం, మందు పెట్టి చంపడం కూడా ఉన్నాయి. ప్రాణాపాయం ఉంటే వెంటనే తీసెయ్యొచ్చు గానీ 24 గంటల్లో అధికారికి తెలపాలి. తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ఇలాంటిదే.

ఖర్చు లేని వైద్యం ఒకటుంది. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా మొదలు చుట్టూ నాలుగంగుళాల మందాన పరచడం. ఢిల్లీలో ఆకు కాల్చితే 5,000 రూపాయల జరిమానా అని ట్రిబ్యునల్ 2015లోనే చెప్పింది. ఆకు మానును తాకకూడదు, తాకితే బెరడు తడిసి కుళ్లుతుంది. మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోసి అరుగు కడితే వచ్చే చిక్కూ ఇదే. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పెట్టేవాళ్లు మాను మొదట్లో కుమ్మరించకుండా, కొమ్మల అంచు నీడ పడే చోట పదిహేను రోజులకోసారి నెమ్మదిగా, అడుగున్నర లోతు దాకా ఇంకేలా పెట్టాలి. టైల్స్ వేసిన చోట ఆ అంచు వెంట రెండు వరుసలు, కింది కాంక్రీటుతో సహా, లేపేస్తే నీళ్లు దిగుతాయి.