కుక్కపిల్లకు దగిన యాటవస్తువు

ఇంట కుక్కపిల్లను బెంచువారికి మొదటి మాసములలో గలుగు పెద్దచిక్కు దాని కఱచుటయే. చెప్పులు, చాప యంచులు, పంచె చెఱగులు, పిల్లల వ్రేళ్లు, దానికన్నియు నొక్కటియే. దీనిని జూచి దుష్టజంతువని కొట్టువారును, ఊరి వెలుపల విడిచివచ్చువారును గలరు. అట్లు చేయుటకు బూర్వము అది యేల కఱచుచున్నదో తెలిసికొనుట ధర్మము.

కుక్కపిల్లకు మూడవ వారము మొదలుకొని పాలపండ్లు వచ్చును. అవి 28. నాలుగవ మాసప్రాంతమున అవి రాలుటకు మొదలిడి, యేడవ మాసము నాటికి 42 స్థిరదంతములు నిలుచును. ఈ కాలమున చిగుళ్లు నొచ్చును. నమలిన కొంత యుపశమించును. మఱియు శిశువు చేతులతో వస్తువుల నెఱుగునట్లు ఇది నోటితో నెఱుగును. కావున నమలుటను మాన్పింపజాలము. నమలదగినదానిని మాత్రము చూపగలము.

ఈ పాఠమును మేము కష్టముమీద నేర్చితిమి. ఒకప్పుడు తీర్థములో నొక్కినచో కూయు రబ్బరుబొమ్మను గొని మా కుక్కపిల్లకిచ్చితిమి. అది పసిపిల్లలకై చేసినదని యెఱిగియు నిచ్చితిమి గాన తప్పు మాదే. అరగంటలో బొమ్మను చీల్చి లోని పీకను మ్రింగెను. మఱునాడు తిండి ముట్టక వాంతులు చేసికొనుచుండగా, కోరుకొండనుండి రాజమహేంద్రవరమునకు గొనిపోతిమి. పశువైద్యులు కడుపు కోసి పీకను దీసిరి. అది బ్రతికినది మా యదృష్టము.

వస్తువు నెన్నుకొనుటకు మూడు పరీక్షలు చాలును. మొదటిది పరిమాణము: అది సంపూర్ణముగా నోటిలో బట్టరాదు, చిన్నబంతి గొంతున కడ్డుపడి ఊపిరి నాపగలదు. రెండవది గట్టిదనము: బొటనవ్రేలి గోటితో నొక్కినచో కొంచెము లొంగవలెను. ఏమాత్రము లొంగనిది, రాయివలె ఎముకవలె, పండ్లను విఱుచును. మూడవది కూర్పు: ఊడివచ్చు కన్నులు, గుండీలు, పీకలు, దారములు ఉండరాదు. మ్రింగిన పొడవుదారము ప్రేగులను ముడుతలుపఱచి కోయును.

మన యిండ్లలో సులభముగా దొరకునవన్నియు మంచివి కావు. కొబ్బరిడొక్కనిచ్చిన దాని పీచు కడుపులో నుండచుట్టుకొనవచ్చును. వండిన కోడియెముకలు సూదులవలె చీలును. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి యను మెత్తని కఱ్ఱతో, ముక్కల నతికి చేసినవి. అవి బొమ్మలకొలువునకే గాని కుక్కపిల్లకు గావు. పాతచెప్పు నిచ్చుట మఱియు ననర్థము. పాతదానికిని క్రొత్తదానికిని భేద మది యెఱుగదు.

గట్టిరబ్బరు వస్తువు మేలైనది. 1839లో అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ పచ్చిరబ్బరును గంధకముతో గలిపి కాచిన గట్టిపడియు సాగుగుణమును విడువదని కనుగొనెను. ఆ దేశమందే కొలరాడోలో జో మార్కమ్ అనునతడు, రాళ్లు నమిలి పండ్లు పాడుచేసికొనుచున్న తన కుక్క వోక్స్‌వాగన్ బండి రబ్బరుభాగము నిష్టముతో నమలుట జూచి, బోలుగానుండు రబ్బరుబొమ్మను గల్పించి 1976లో కాంగ్ సంస్థను స్థాపించెను. ఇట్టిదానిలో పెరుగన్నము కూరి యిచ్చిన కుక్కపిల్ల చాలసేపు నెమ్మదిగా నుండును. బోలు వస్తువునకు రెండురంధ్రము లుండవలెను; ఒక్కటియే యున్న లోపల గాలి తగ్గి నాలుక చిక్కుకొనవచ్చును.

సొమ్ము లేనివారు పాత నూలుతువ్వాలును గట్టిముడి వేసి, తడిపి, చల్లార్చి యీయవచ్చును. చిగుళ్ల నొప్పి తగ్గును. దగ్గరనుండి చూచుచుండవలెను, పోగులు లేచిన వెంటనే పారవేయవలెను.

వ్రేలిని బట్టినప్పుడు కొట్టక, చేయి కదల్పక యాట నాపి, వస్తువును నోటికందింపుడు. దినదినమును ఇట్లు చేసిన నేర్చుకొనును.

విద్యార్థులారా, ఒక్కమాట మఱువకుడు. ఆటలో పంటిగాటు పడి చర్మము చిట్లినచో దాచిపెట్టకుడు. సబ్బుతో, పాఱునీటితో 15 నిమిషములు కడిగి, పెద్దలకు జెప్పి, ఆనాడే వైద్యశాలకు బొండు. కుక్కపిచ్చి లక్షణములు కనబడిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసాధ్యము. ముందుగా టీకా వేయించుకొన్న అపాయము చాలవఱకు తప్పును. కుక్కపిల్లకును మూడవ మాసమున ఆ టీకా వేయింపవలెను.

నోరులేని ప్రాణి నింటికి దెచ్చినవారు దాని పంటికి దగిన పని చూపుట గూడ తమ బాధ్యతయే యని యెఱుంగుదురుగాక.