కారుకు మెరుపా.. మ్యాట్ సొగసా?

అందంతోపాటు మరమ్మతునూ లెక్కలోకి తీసుకోవాలి

పెనుకొండ: కొత్త కారు కొనే ఇంట ఒకప్పుడు ఏ రంగు అన్నదే చర్చ. ఇప్పుడు దానికి మరో ప్రశ్న తోడైంది. అద్దంలా నిగనిగలాడే గ్లాసీ రంగు మేలా, మెరుపు లేని మ్యాట్ మేలా? పెనుకొండ సమీపంలోని కర్మాగారంలో తయారయ్యే కియా సెల్టాస్‌లో ఎక్స్-లైన్ రకం 2021లో మ్యాట్ రంగుతోనే విపణిలోకి వచ్చింది. 2023లో ఫోక్స్‌వ్యాగన్ వర్చూస్, టైగూన్ కార్లలోనూ మ్యాట్ రంగును ప్రవేశపెట్టారు. షోరూమ్‌లో చూసినప్పుడు రెండూ బాగానే ఉంటాయి. అసలు తేడా తొలి గీత పడిన రోజున తెలుస్తుంది.

తేడా అంతా పైపూతలోనే..

కారు రేకుపై ముందుగా తుప్పు పట్టకుండా ప్రైమర్, దానిపై రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకమైన క్లియర్‌కోట్ ఉంటాయి. గ్లాసీలో ఈ పైపూత నున్నగా ఉండి వెలుతురును ఒకే దిశలో ప్రతిఫలిస్తుంది. మ్యాట్‌లో సిలికా వంటి పదార్థం కలపడం వల్ల అది కంటికి ఆననంత గరుకుగా ఉంటుంది. వెలుతురు నలుదిక్కులా చెదిరిపోతుంది. అందుకే మెరవదు.

గీత పడితే ఎలా?

పల్లె దారుల్లో ఇరువైపులా ఉండే కంపచెట్లు కారును గీరక మానవు. గ్లాసీపై పడిన సన్నని గీతలను పాలిష్‌తో పోగొట్టవచ్చు. పైపూతను అతి పలుచగా అరగదీసి నునుపు చేయడమే పాలిష్. మ్యాట్‌కు ఈ ఉపాయం పనికిరాదు. రుద్దిన చోట గరుకుదనం పోయి మెరిసే మచ్చ మిగులుతుంది. గీత చిన్నదైనా తలుపుకో, బానెట్‌కో పూర్తిగా రంగు వేయించాల్సి వస్తుంది. పక్క భాగంతో ఛాయ కలిసేలా వేయడానికి అనుభవజ్ఞుడైన పెయింటర్ కావాలి.

కడగడంలో జాగ్రత్తలు

మ్యాట్‌కు వ్యాక్స్ పూయరాదు. బ్రష్‌లు తిరిగే యంత్రాలతో కడిగించరాదు. మ్యాట్‌కు తగిన షాంపూ, మెత్తని గుడ్డ వాడాలి. పక్షి రెట్టలు, చెట్ల జిగురు పడితే వెంటనే నీటితో నానబెట్టి తీయాలి. ఉప్పు బోరునీటితో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లని మరకలు పడతాయి. గ్లాసీపై వాటిని పాలిష్‌తో తొలగించవచ్చు, మ్యాట్‌పై ఆ వీలు లేదు. దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే మాత్రం రెండింటికీ హానే. తుడిచినప్పుడు పడే సుడిగీతలు నల్లని గ్లాసీపై కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. మ్యాట్‌పై అంతగా కనిపించకపోవడం దానికున్న మేలు.

స్టిక్కర్‌తోనూ సాధ్యమే

గ్లాసీ కారు కొని, దానిపై మ్యాట్ వినైల్ పొర అతికించుకునే వీలుంది. నాణ్యమైన పొరను జాగ్రత్తగా తీయిస్తే అడుగున అసలు రంగు అలాగే ఉంటుంది. అయితే నేరుగా ఎండ పడే బానెట్, పైకప్పులపై పొర త్వరగా పాడవుతుంది. కారు రంగు ఆర్సీలో నమోదై ఉంటుంది. కనుక రంగు మారేలా పొర వేయించేవారు ముందే రవాణా శాఖ కార్యాలయంలో సంప్రదించాలి. బీమా సంస్థకూ తెలపాలి.

ఎవరికి ఏది?

నిత్యం మట్టిరోడ్లపై తిరుగుతూ, ఆరుబయట చెట్టు కింద నిలిపే కారుకు గ్లాసీయే అనువైనది. ఏ పట్టణంలోనైనా తక్కువ ఖర్చుతో బాగు చేయించుకోవచ్చు. నీడనిచ్చే షెడ్డు, మంచినీటి వసతి, స్వయంగా కడుక్కునే ఓపిక ఉన్నవారికి మ్యాట్ నప్పుతుంది. బయానా ఇచ్చే ముందు ఒక తలుపుకు మ్యాట్ రంగు తిరిగి వేయడానికి ఎంతవుతుందో, ఆ పని ఎక్కడ చేస్తారో షోరూమ్‌లో అడిగి తెలుసుకోవడం మంచిది.