ముఖానికి కసరత్తు: ఎంతవరకు ఫలితం?



"హకీమ్ సాబ్! నలభై దాటాయి. బుగ్గలు లోపలికి పోతున్నాయి, నోటి పక్కన గీతలు పడ్డాయి. ముఖానికి వ్యాయామాలు చేస్తే ఆపరేషన్ లేకుండానే పదేళ్లు చిన్నగా కనబడతారని ఫోనులో చూపిస్తున్నారు. చేయవచ్చా?" అని అడిగే సోదరీమణులు ఈ మధ్య ఎక్కువయ్యారు. మగవాళ్లూ అడుగుతున్నారు, కాకపోతే నలుగురి ముందు అడగరు.

జవాబు ముందే చెబుతాను. చేయవచ్చు. ఓపికగా చేస్తే బుగ్గలకు కొద్దిగా నిండుదనం వస్తుంది. పదేళ్లు మాత్రం తగ్గవు. పైగా కొన్ని కసరత్తుల వల్ల ముడతలు పెరిగే అవకాశం కూడా ఉంది. అందుకే ఏవి చేయాలో, ఏవి మానాలో తెలుసుకోవడం అవసరం.

ముఖం ఎందుకు వాలుతుంది?

మన శరీరంలో పుట్టుకతో వచ్చిన వేడిమి (హరారతె గరీజియా), పుట్టుకతో వచ్చిన తేమ (రుతూబతె గరీజియా) ఉంటాయని యునానీ వైద్యం చెబుతుంది. దీపానికి నూనె ఎలాంటిదో వేడిమికి తేమ అలాంటిది. వయసుతో నూనె తగ్గుతుంది, శరీరం పొడిబారుతుంది. ఇబ్నె సీనా (980–1037) మనిషి జీవితాన్ని ఎదుగుదల, యవ్వనం, నడివయసు, ముసలితనం అని నాలుగు దశలుగా విభజించారు. యవ్వనం ముప్పై అయిదు, నలభై ఏళ్ల దాకా ఉంటుందని, అరవై తర్వాత ముసలితనమని లెక్క కట్టారు. అంటే నలభై దాటాక ముఖంలో మార్పు రావడం జబ్బు కాదు.

నేటి వైద్యం ఇదే సంగతిని మరో విధంగా చెబుతుంది. వయసు పెరిగేకొద్దీ చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ తగ్గుతుంది. బుగ్గల్లోని కొవ్వు కరుగుతుంది, కిందికి జారుతుంది. దవడ ఎముక కూడా కొంత అరుగుతుంది. వీటిలో కసరత్తు పనిచేసేది కండరం మీద మాత్రమే. చేతి కండరాలు ఎముకలను పట్టుకుని ఉంటాయి గానీ, ముఖంలోని చాలా కండరాలు నేరుగా చర్మానికే అతుక్కుని ఉంటాయి. కాబట్టి బుగ్గ కండరం కొంచెం పెరిగితే పైనున్న చర్మం కొంచెం నిండుగా కనబడుతుంది. కరిగిన కొవ్వు, అరిగిన ఎముక మాత్రం తిరిగి రావు.

పరీక్షలో తేలినది

2018లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వైద్యులు ఈ విషయం మీద ఒక పరిశీలన ప్రచురించారు. 40 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 27 మంది స్త్రీలను తీసుకున్నారు. మొదటి 8 వారాలు రోజూ అరగంట, తర్వాత 20వ వారం వరకు రోజు విడిచి రోజు అరగంట కసరత్తు చేయించారు. చివరివరకు నిలిచినవారు 16 మంది. వాళ్ల ఫొటోలు చూసి వయసు అంచనా కట్టిన వైద్యులు మొదట సగటున 50.8 ఏళ్లు అన్నారు, చివర్లో 48.1 ఏళ్లు అన్నారు. అంటే దాదాపు మూడేళ్ల తేడా. స్పష్టమైన మార్పు కనబడింది బుగ్గల నిండుదనంలోనే.

ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. ఒకటి, కసరత్తు చేయనివారితో పోల్చి చూడలేదు, మనుషులూ తక్కువే. కాబట్టి దీన్ని గట్టి రుజువు అనలేము. రెండు, 27 మందిలో 11 మంది మధ్యలోనే మానేశారు. రోజూ అరగంట అద్దం ముందు కూర్చోవడం అంత తేలిక కాదు. రోజుకు రెండు నిమిషాలు చాలని చెప్పేవారి మాట నమ్మకండి.

చేయదగినవి

చేతులు, ముఖం కడుక్కుని, అద్దం ముందు నిటారుగా కూర్చోండి.

1. నోరు గుండ్రంగా తెరవండి. పై పెదవిని పై పళ్ల మీదికి మడవండి. ఆ స్థితిలోనే నవ్వుతున్నట్లుగా బుగ్గలను పైకి ఎత్తండి. వేళ్లను బుగ్గల పైభాగంలో తేలిగ్గా ఆనిస్తే కండరం లేవడం తెలుస్తుంది. దించండి, మళ్లీ ఎత్తండి. ఇలా పదిసార్లు.

2. పెదవులు మూసి, పళ్లు కనబడకుండా నవ్వండి. వేళ్లను నోటి మూలల నుంచి బుగ్గల పైదాకా జరిపి, అక్కడ 20 సెకన్లు ఆపండి. మూడుసార్లు చాలు.

3. నోటినిండా గాలి పట్టి, కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకు, ఎడమ నుంచి కుడికి మార్చండి. పదిసార్లు.

మొదటి వారం ఐదు నిమిషాలతో ప్రారంభించి మెల్లగా పెంచండి. వ్యాయామం (రియాజత్) అలసట రాకముందే ఆపాలన్నది మన వైద్యంలో పాత నియమం.

చేయకూడనివి

నుదురు ముడిచేవి, కళ్లు చికిలించేవి, పెదవులు గట్టిగా ముందుకు చాచేవి వద్దు. కారణం తేలికగా అర్థమవుతుంది. బొటాక్స్ ఇంజెక్షన్ నుదుటి కండరాన్ని మూడు నాలుగు నెలలపాటు కదలకుండా చేస్తుంది. కదలిక లేకపోతే ముడత పడదు. అలాంటప్పుడు అదే కండరాన్ని రోజూ అరగంట ముడిస్తే ముడత తగ్గుతుందా, లోతవుతుందా? మీరే ఆలోచించండి.

దవడ కీలు నొప్పి పెట్టేవారు, నోరు తెరిస్తే టక్కుమని శబ్దం వచ్చేవారు, ఈ మధ్య పన్ను పీకించుకున్నవారు ఈ కసరత్తులు చేయవద్దు.

ఇంకొక ముఖ్యమైన పరీక్ష. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా చూడండి. జర్దా పాన్, వక్క, గుట్కా అలవాటు ఉండి, మూడు వేళ్లు పట్టనంతగా నోరు బిగుసుకుపోతే, కారం తగిలితే నోరు మండుతుంటే, అది కసరత్తుతో పోయేది కాదు. క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు అయి ఉండవచ్చు. వెంటనే పళ్ల డాక్టరుకు చూపించండి.

మాలిష్ (దల్క్)

యునానీలో దల్క్‌కు గట్టిది, మెత్తనిది, ఎక్కువసేపు చేసేది, మధ్యస్థమైనది అని రకాలున్నాయి. ముఖానికి మెత్తనిదే తగినది. పొడి చర్మం ఉన్నవారు నాలుగైదు చుక్కల రోగనె బాదామ్ చేతికి రాసుకుని, గడ్డం నుంచి చెవివైపుగా, కింది నుంచి పైకి మూడు నాలుగు నిమిషాలు రాయండి. కంటి చుట్టూ లాగవద్దు. బాదం నూనె ఖరీదు అనుకుంటే మంచి నువ్వుల నూనె చాలు. ముందుగా మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. దురద, దద్దుర్లు లేకపోతేనే ముఖానికి వాడండి. జిడ్డు చర్మం, మొటిమలు ఉన్నవారికి నూనె పనికిరాదు. మాలిష్ వల్ల చర్మం మృదువుగా ఉంటుంది గానీ, జారిన బుగ్గ పైకి లేవదు.

వుజూ చేసే ప్రతిసారీ సబ్బు వాడనవసరం లేదు. చర్మం మరీ పొడిగా ఉంటే ముఖం గట్టిగా రుద్దకుండా తువ్వాలుతో అద్దుకుని, ఒక్క చుక్క నూనె రాసుకోండి.

కసరత్తు కన్నా ముందు

ముఖాన్ని తొందరగా ముసలిగా చేసేవాటిలో ఎండది మొదటి స్థానం. 28 ఏళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల డ్రైవరు ఫొటో ఒకటి 2012లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న చెంప మీద లోతైన ముడతలు, రెండో వైపు చాలా తక్కువ. మనిషి ఒకడే, వయసూ ఒకటే, తేడా ఎండది. బళ్లారి, షోలాపూర్ ఎండల్లో తిరిగేవారికీ, యానాంలో నీళ్ల మీద పనిచేసేవారికీ ఇంతకన్నా చెప్పాలా? గొడుగు, టోపీ వాడండి. వీలైతే ఎస్.పి.ఎఫ్. 30 లేపనం రాసుకోండి.

బీడీ, సిగరెట్, జర్దా మానండి. పళ్లు పోయినవారు కట్టుడు పళ్లు పెట్టించుకోండి. పళ్ల ఆధారం లేకపోతే ఏ కసరత్తుకూ బుగ్గ నిలవదు. ఒక్కసారిగా బరువు తగ్గి ముఖం పీక్కుపోతే షుగర్, థైరాయిడ్, టి.బి. పరీక్షలు చేయించండి. దాన్ని వయసు మీదికి నెట్టవద్దు.

పేరూ చిరునామా లేని క్రీములు కొనవద్దు. కొన్నిటిలో స్టెరాయిడ్, కొన్నిటిలో పాదరసం ఉంటాయి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు బయటపడింది. బ్యూటీ పార్లరులో ఇంజెక్షన్లు అసలే వద్దు. అది అర్హత గల డాక్టరు చేయవలసిన పని.

ముఖం ఒక్కసారిగా వంకర పోతే

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ముఖం ఏళ్ల తరబడి మెల్లగా వాలితే అది వయసు. పొద్దున లేచేసరికి మూతి ఒక పక్కకు పోతే అది జబ్బు. దానికి ఈ కసరత్తులు చేస్తూ కూర్చోకండి.

మూతి వంకరతోపాటు చేయి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతం (ఫాలిజ్) అనుకోవాలి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. చేయి, మాట బాగానే ఉండి కన్ను మూతపడకపోతే లఖ్వా కావచ్చు. అయినా ఏదో మీరే తేల్చుకోవద్దు, ఆ రోజే డాక్టరుకు చూపించండి. లఖ్వాకు మందు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితే నయమయ్యే అవకాశం బాగా ఎక్కువ. మూతపడని కంటికి దుమ్ము తగలకుండా చూడాలి. తైలాలు, ఆవిరి, కసరత్తు అన్నీ ఆ తర్వాతే. హకీమ్ దగ్గరికి కూడా తర్వాతే రండి.

ఇక బుగ్గల సంగతి. ఇష్టమైతే పైన చెప్పిన మూడు కసరత్తులూ అయిదు నెలలు చేసి చూడండి. ఖర్చు లేదు, సరిగా చేస్తే హాని లేదు. మొదటి రోజు, చివరి రోజు ఒకే వెలుతురులో ఫొటో తీసి పోల్చుకోండి. తేడా కనబడితే సంతోషం. కనబడకపోయినా దిగులు పడకండి. నలభై ఏళ్లు సంసారం మోసిన ముఖం మీద నాలుగు గీతలుంటే అది సిగ్గుపడవలసిన విషయం కాదు. ఆ మాట ఇంట్లోని మగవాళ్లు కూడా గుర్తుంచుకుంటే సగం దిగులు అక్కడే తీరుతుంది.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.