దొరల సమాధులు, చిన్నాన్న ప్రశ్న

బొంబాయి ఇంకా మహానగరం కాని రోజుల్లో, పశ్చిమ తీరాన ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీకి రాజధాని లాంటిది సూరత్. 1611లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం తెరిచిన కంపెనీ రెండేళ్లకే మొగలుల అనుమతితో తాపీ ఒడ్డునా పాగా వేసింది. 1687లో ప్రధాన కేంద్రం బొంబాయికి తరలేదాకా పెత్తనమంతా ఇక్కడి నుంచే. ఆ పాత ఊరును చూడాలంటే కారు పనికిరాదు. చౌక్ బజార్ నుంచి కతార్‌గామ్ దాకా కాళ్లకు పని చెప్పాల్సిందే.

చుట్టపు చూపుగా వెళ్లిన నాకు తోడొచ్చింది చిన్నాన్న. నల్గొండ జిల్లా నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డ పద్మశాలీల్లో ఆయనొకరు. మునిసిపల్ బడుల్లో తెలుగు మాధ్యమం నడిచేంతగా ఉన్నారు మనవాళ్లు. "ముప్పై ఏండ్ల సంది ఈడ్నే ఉన్న. గీ దిక్కు రానే రాలే" అన్నాడు. పన్నెండు గంటల షిఫ్టు, మీటర్ల లెక్కన కూలి. కోటలు చూసే తీరికెక్కడిది?

ఆ కోట 16వ శతాబ్దం మధ్యలో పోర్చుగీసు దాడులను కాచుకోవడానికి కట్టింది. నగరపాలక సంస్థ బాగుచేయించి మ్యూజియంగా మార్చింది. శుభ్రంగా ఉంది, నా కంటికి కాస్త ఎక్కువ శుభ్రంగానే. దానికంటే మొగల్ సరాయి నచ్చింది. మక్కా యాత్రికులు ఓడల కోసం ఎదురుచూసిన 1644 నాటి సత్రమిది. తర్వాత ఇందులో మునిసిపాలిటీ కాపురం పెట్టింది. 1994 ప్లేగు తర్వాత ఊరి రూపు మార్చిన కమిషనర్ ఎస్.ఆర్. రావు హయాం కూడా ఇక్కడే నడిచింది.

కంపెనీ స్థావరం ఆనవాళ్ల కోసం వెతికితే మాత్రం నిరాశే. దొరలు మిగిల్చినవి సమాధులు.

కతార్‌గామ్ దారిలోని ఇంగ్లిష్ శ్మశానంలో జార్జి ఆక్సెండెన్ సమాధి రెండంతస్తుల గుమ్మటం. 1664లో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టినప్పుడు కంపెనీ స్థావరాన్ని కాపాడుకున్నది ఈయనే. 1669లో పోయాడు. తమ్ముడు క్రిస్టఫర్ అంతకు పదేళ్ల ముందే ఇక్కడ మట్టిలో కలిశాడు. ఇంగ్లిష్ వాళ్లకు తీసిపోకూడదన్నట్టు డచ్చివాళ్లు 1691లో మరణించిన వాన్ రీడ్‌కు అంతకంటే ఆర్భాటంగా కట్టారు. కేరళ మొక్కల మీద 12 సంపుటాల 'హోర్టస్ మలబారికస్' వెలువరించిన ఘనుడాయన. రెండు శ్మశానాలూ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవే. అయినా మేమున్న గంటలో మరో సందర్శకుడు కనబడలేదు.

గుమ్మటం కేసి తలెత్తి చూస్తూ చిన్నాన్న అడిగాడు: "గింత సంపాయించిన్రు గదా, మనోళ్లకు గుడ్డకెంత ఇచ్చిన్రట?"

పొలిటికల్ సైన్స్ చదువు అక్కరకొచ్చే ప్రశ్న కాదు. తెలిసినంత చెప్పాను: కంపెనీ దళారుల చేత నేతగాళ్లకు ముందుగా డబ్బిప్పించేది, దాన్ని దాద్నీ అనేవారు. గడువుకు బట్ట అప్పజెప్పాలి. నాసిగా ఉంటే తిప్పికొట్టేవారు.

"అంటే తప్పు పడ్డ గుడ్డ పైసలు సాలోడి మీదికే" అన్నాడాయన. నేసిన గుడ్డలో మచ్చ పడితే తనకు ఎంత కోత పడుతుందో దారి పొడుగునా లెక్కలు చెబుతూనే ఉన్నాడు. రాత్రి షిఫ్టు ఏడింటికి. కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఆటో ఎక్కేసరికి ఆరు దాటింది.