ఖట్టా ముందు, కిచిడీ తర్వాత

పొద్దున ఏడింటికి హైదరాబాద్ శాలిబండ రోడ్డు మీద నడిస్తే చిన్న హోటళ్లలో దాదాపు ఒకే పళ్లెం కనిపిస్తుంది. పసుపుపచ్చని కిచిడీ, పక్కన కీమా, చిన్న గిన్నెలో ఖట్టా, పైన అప్పడం. పాతబస్తీ నాష్తా అంటే ఇదే. షుగర్ ఉందని రిపోర్టు వచ్చిన ఇంట్లో ముందుగా ఆగిపోయేదీ ఇదే. అమ్మ రిపోర్టు వచ్చాక మా ఇంట్లోనూ ఆగింది. మర్నాటి నుంచి అమ్మ పళ్లెంలోకి ఉప్పూకారం చాలని సొరకాయ కూర, ఎండిన పుల్కాలు వచ్చాయి. నెల తిరక్కముందే ఆమెకు తిండి వేళ అంటేనే విసుగొచ్చింది. ఒక పెళ్లిలో రెండు ప్లేట్ల బిర్యానీ తిని వచ్చింది. తప్పు ఆమెది కాదు, మేం పెట్టిన పథ్యానిది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే. ఇంతమందిని జీవితాంతం చప్పిడి కూడు తినమంటే కుదిరే పని కాదు, ఆ అవసరమూ లేదు. రక్తంలో చక్కెరను పెంచేది రుచి కాదు, పిండిపదార్థం. అది ఎంత తిన్నాం, ఎంత త్వరగా అరిగింది అన్నదే లెక్క. అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజు అణువుల గొలుసు. ఎంజైములు ఆ గొలుసును తెంపేకొద్దీ గ్లూకోజు రక్తంలోకి చేరుతుంది. ఇన్సులిన్ చాలకపోయినా, ఉన్నది సరిగా పనిచేయకపోయినా అక్కడే పేరుకుంటుంది. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఈ వేగానికి గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలత ఇచ్చింది. గ్లూకోజు 100 అయితే, 55కు మించనివి నెమ్మదిగా అరిగేవి.

ఆ కొలతతో చూస్తే మన నాష్తాలో చిక్కు ఒక్క బియ్యంతోనే. మా ఇంట్లో గ్లాసు బియ్యానికి పావు గ్లాసు మసూర్ పప్పు పడేది. ఇప్పుడు గ్లాసుకు గ్లాసు వేస్తున్నాం. అదీ పొట్టు తీసిన ఎర్రపప్పు కాదు, గోధుమరంగు పొట్టుతో ఉండే ఖడా మసూర్. ఎర్రపప్పు ఇంత వేస్తే కిచిడీ ముద్దవుతుంది. ఇది గంటసేపు నానబెట్టి వండితే గింజ గింజగా నిలుస్తుంది, పొట్టులోని పీచు కూడా దక్కుతుంది.

ఇక ఖట్టా. తెలంగాణ పచ్చిపులుసుకు ఇది దగ్గరి చుట్టం. నువ్వులు దోరగా వేయించాలి. చిటపటలాడి, కమ్మటి వాసన రాగానే దించెయ్యాలి, మరో అరనిమిషం ఉంచితే చేదెక్కుతాయి. చల్లారాక నూరి చింతపండు రసంలో కలిపి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టాలి. పొయ్యి మీద మరిగించే పని లేదు. బెల్లం మాత్రం వద్దు. నువ్వుల్లోని కొవ్వు, మాంసకృత్తులు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. పులుపులోని ఆమ్లం లాలాజలంలో పిండిపదార్థాన్ని తెంపే అమైలేజ్‌ను మందగింపజేస్తుంది.

కీమాలో మేము మెంతికూర వేస్తాం. మెంతుల మాట వచ్చింది కనుక మన ఊరి పరిశోధన ఒకటి చెప్పాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్‌లు మధుమేహం ఉన్నవారికి కొవ్వు తీసిన మెంతిపిండి పెట్టి చూశారు. 1990లో ప్రచురించిన ఫలితాల్లో పరగడుపు చక్కెర తగ్గింది. మెంతిగింజలోని జిగురు పీచు నీటితో కలిసి జెల్లీలా మారి గ్లూకోజును నెమ్మదిగా వదులుతుంది. అయితే వాళ్లు పెట్టిన మోతాదు రోజుకు 100 గ్రాములు. పోపులో చిటికెడు మెంతులు వేసి మందు మానేస్తామనేవాళ్లు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

తినే వరుసకూ లెక్క ఉంది. 2015లో న్యూయార్క్ వైల్ కార్నెల్ వైద్యులు టైప్-2 మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టారు. కూరగాయలు, కోడిమాంసం ముందు తిని, రొట్టె తర్వాత తిన్నప్పుడు గంటకు చూస్తే చక్కెర మూడోవంతుకు పైగా తక్కువుంది. అందుకే అమ్మ ఇప్పుడు ముందు కీమా, ఖట్టా సగం తిని, ఆ తర్వాతే కిచిడీ ముట్టుకుంటుంది.

బియ్యంలోనూ తేడాలున్నాయి. పాతబస్తీని ఆనుకునే ఉన్న రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) ఇండెక్స్ సుమారు 51. సన్నబియ్యమే, రుచికి లోటు లేదు. అయినా గిన్నె నిండా తింటే నెమ్మదైన బియ్యమూ చక్కెర పెంచుతుంది.

రంజాన్‌లో హలీం సంగతి అందరూ అడుగుతారు. గోధుమలో పీచు ఉంది నిజమే, కానీ గంటల తరబడి ఉడికించి, కట్టెలతో దంచేసరికి గింజ రూపు పోయి ఎంజైములకు పని సులువవుతుంది. మాంసం, పప్పు, నెయ్యి దాన్ని కొంత ఆపుతాయి. చిన్న గిన్నెడు తినొచ్చు, రొట్టె తోడు లేకుండా.

ఒక జాగ్రత్త. ఇన్సులిన్ గానీ, చక్కెరను దించే మాత్రలు గానీ వాడుతున్నవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకున్నాకే పళ్లెం మార్చాలి.

అమ్మ మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు వేలు గుచ్చి చూసుకుని, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే అంకె వేస్తుంది. పక్కన ఏం తిన్నదో ఒక్క మాటలో. పెళ్లి బిర్యానీ గడిలో అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టింది. కిచిడీ-ఖట్టా గడుల్లోని అంకెలకు, సొరకాయ-పుల్కా గడుల్లోని వాటికి మాత్రం పెద్ద తేడా లేదు.