ఆకాశమున తెల్లని చార

బడి విడిచి వచ్చు పిల్లలు తల లెత్తి "అదిగో రాకెట్టు!" అని కేకలు వేయుట తెలుగునాట పరిపాటి. నీలాకాశమున సుద్దతో గీచినట్లు తెల్లని చార యొకటి సాగిపోవుచుండును. దాని కొనయందు మిలమిలలాడు చుక్క సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పోవు ప్రయాణికుల విమానము. వెనుకనున్న చార పొగయని పెద్దలలో సైతము పలువురు తలంతురు. నిజమునకది మంచు స్ఫటికములతో నిండిన మేఘము.

అయినను ఈ మేఘమునకును పొగకును చుట్టరికము లేకపోలేదు. లాంతరు వెలుతురున చదువుకొనిన తరమువారికి ఈ సంగతి చెప్పుట తేలిక. దీపము వెలిగించి చల్లని గాజుచిమ్నీ దింపిన వెంటనే లోపలివైపున సన్నని తేమపొర పట్టి, గాజు వేడెక్కగానే మాయమగును. వత్తి హెచ్చినచో మసి పట్టును. ఆ తేమ ఎక్కడిది? కిరసనాయిలులోని ఉదజని గాలిలోని ఆమ్లజనితో కూడి నీరైనది. జెట్ విమానము త్రాగునదియు ఆ జాతి నూనెయే. ఒక కిలోగ్రాము నూనె కాలినచో సుమారు 1.25 కిలోగ్రాముల నీటియావిరి పుట్టును. నూనెకంటె నీరే ఎక్కువ తూగుట వింతగా తోచును గాని, ఆ అదనపు బరువు గాలినుండి చేరిన ఆమ్లజనిది. నీటితోపాటు మసియు వెలువడును. కంటికి కనబడని ఆ రేణువులు కిలోగ్రాము నూనెకు సామాన్యముగ నూరు లక్షల కోట్లకు పైబడి యుండును.

ధనుర్మాసపు వేకువను నోటినుండి వెలువడు ఆవిరిని చూడనివారుండరు. నోటిలోని గాలి వెచ్చన, బయటిగాలి చల్లన. దేనియందును మంచు కనబడదు, రెండును కలిసినచోట కనబడును. గాలి చల్లబడినకొలది తేమను మోయు శక్తి అతివేగముగ తగ్గిపోవుటయే ఇందుకు కారణము. పైన జరుగునదియు ఇదియే. యంత్రమునుండి మిక్కిలి వేడిగా వెలువడిన వాయువు సున్నకు దిగువ 40 డిగ్రీలో, అంతకంటె చల్లనిదో యగు గాలిలో కలియగానే, అందలి ఆవిరి కుదురుకొనుటకు ఆధారము వెదకును. మసి రేణువులే ఆ ఆధారము. వానిపై నీటిబిందువులు ఏర్పడి, వెంటనే గడ్డకట్టును. శ్రద్ధగా చూచినచో విమానమునకును చారకును నడుమ కొంత నీలాకాశము కనబడును. ఆ ఎడమున కలయిక జరుగుచున్నదన్నమాట.

ఈ లెక్కను మొదట కట్టించినది యుద్ధము. రెండవ ప్రపంచయుద్ధమున ఐరోపాపై ఎత్తున ఎగిరిన బాంబు విమానములను వాని చారలే శత్రువునకు పట్టియిచ్చెను. నాటి విమానములు చాలవరకు పెట్రోలుతో నడచినవే గాని, చారకు పెట్రోలైన నేమి, కిరసనాయిలైన నేమి! ఏ శీతలమున, ఏ ఎత్తున చార పుట్టునో 1941లో జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ష్మిట్ గణితముతో తేల్చెను. 1953లో అమెరికావాడగు హెర్బర్ట్ ఆపిల్‌మన్ దానిని విస్తరించెను. నేటికిని ఆ సూత్రము వారిరువురి పేరనే చెల్లుచున్నది.

ఆ సూత్రమునందొక చమత్కారము కలదు. యంత్రమెంత మేలైనదైన, చార అంత సులభముగ పుట్టును! మేలైన యంత్రము నూనెలోని శక్తిని విమానమును నెట్టుటకే అధికముగ వినియోగించును గనుక, బయటికి పోవు వాయువున వేడి తగ్గును. నీరు మాత్రము తగ్గదు. పాత బోయింగ్ 707ను, కొత్త ఎయిర్‌బస్ 340ను ప్రక్కప్రక్కన ఎగురనిచ్చి చూడగా ఎయిర్‌బస్ వెనుక మాత్రమే చార కనబడెనని ఉల్రిష్ షూమన్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు 2000లో ప్రకటించెను.

పైగాలి పొడిగా నున్నచో చార రెండు మూడు నిమిషములలో కరగిపోవును. గాలిలో తేమ మంచుగా మారుటకు సిద్ధముగ నున్నచో చార తరుగుటకు మారుగా పెరుగును. విమానమిచ్చిన నీరు పెట్టుబడి మాత్రమే, తక్కినదంతయు ఆకాశమునుండి తీసికొనును. గంటల తరబడి నిలిచి, దూదిపింజలవలె పరచుకొనును. పగటివేళ అట్టి మేఘము సూర్యకిరణములను కొంత వెనుకకు మరల్చును. భూమినుండి పైకిపోవు వేడిని మాత్రము పగలును రాత్రియు పట్టియుంచును. మొత్తముమీద వేడియే మిగులును. విమానములు విడిచిన బొగ్గుపులుసు వాయువుకంటె ఈ చారల తాపమే ఎక్కువ కావచ్చునని 2021లో వెలువడిన ఒక అంచనా తెల్పుచున్నది. ఈ లెక్కలో సందేహమునకు చోటు చాలగలదని ఆ శాస్త్రజ్ఞులే ఒప్పుకొనిరి.

తేమగాలి పొరలు సామాన్యముగ పలుచనివి. విమానము కొంచెము ఎత్తు మార్చినచో వానిని తప్పించుకొనవచ్చును. 2023లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, గూగుల్ సంస్థలు 70 ప్రయాణములలో ఇట్లు ప్రయత్నింపగా చారలు 54 శాతము తగ్గెను. అయితే తప్పించుకొనిన విమానములు 2 శాతము నూనెను అదనముగ కాల్చెను. చార కొన్ని గంటలలో కరగును. ఆ నూనెనుండి వెలువడిన బొగ్గుపులుసు వాయువులో కొంతభాగము శతాబ్దముల తరబడి గాలిలో నిలుచును. ఏ రాత్రి, ఏ విమానమునకు ఎత్తు మార్చుట లాభమో, దేనికి నష్టమో తేల్చుటయే నేటి శాస్త్రజ్ఞుల ముందున్న లెక్క.